లైన్ వదలొద్దన్నాను

కోదాడలో డిగ్రీ పిల్లలకు తత్వశాస్త్రం చెబుతాను. ఎవరూ ఇష్టపడి తీసుకోని సబ్జెక్టు. వేరే గ్రూపులో సీటు దొరకనివాళ్లే నా క్లాసులో కూర్చుంటారు. ఆ మధ్యాహ్నం రెండువేల ఏళ్ల కిందటి ఒక రోమన్ తత్వవేత్త గురించి చెబుతున్నాను. పొలం గట్టు జానెడు జరిగితే కొట్లాటకు దిగే మనిషి, తన కాలాన్ని మాత్రం ఎవరికిపడితే వాళ్లకు వదిలేస్తాడని ఆయన బాధ. నాకు బాగా నచ్చిన పాఠం.

మధ్యలో తమ్ముడు ఫోన్ చేస్తే వరండాలోకి వచ్చాను. నేరేడుచర్ల దగ్గర మా పొలం వాడే చేస్తాడు. కోసిన పచ్చి వడ్లు ట్రాక్టర్‌లో పోసుకుని, మిర్యాలగూడ మిల్లు ముందు పొద్దుటి నుంచి లైన్‌లో ఉన్నాడు. టోకెన్ ఆ ఒక్క రోజుకే. లైన్ తప్పితే మళ్లీ టోకెన్ దొరికేలోగా వడ్లు రంగు మారతాయి. అలాంటివి ఎవరూ కొనరు.

“అక్కా, ఛాతీల ఒకటే మంట. చెయ్యి గూడ గుంజుతున్నది. దవాఖానకు పోయొస్త మరి?”

“ముందల ఎన్ని బండ్లున్నయ్‌రా?”

“పదకొండు.”

“గ్యాస్ అయ్యుంటది. ఏం తినకుండ ఎండల నిలవడ్డవ్. సోడా తాగు. గింతసేపు ఉండి ఇప్పుడు లైన్ ఇడుస్తవా? జర ఓర్సుకో.”

“సరే అక్కా,” అన్నాడు. చిన్నప్పటి నుంచీ నా మాట కాదనడు.

క్లాసులోకి వెళ్లి, ఆపిన చోటి నుంచే పాఠం మొదలుపెట్టాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సాయంత్రం, వాడి వెనక ట్రాక్టర్ రైతు ఫోన్ చేశాడు. ముందు ఇంకా రెండు బండ్లు ఉండగా తమ్ముడు సీట్లోనే ఒరిగిపోయాడట. మిర్యాలగూడ ఆస్పత్రిలో చూసి సూర్యాపేట తీసుకెళ్లమన్నారట. దారిలోనే ప్రాణం పోయింది. నేను సూర్యాపేట చేరేసరికి ఆ రైతు స్ట్రెచర్ పక్కనే నిలబడి ఉన్నాడు. నన్ను ఎలా ఓదార్చాలో తెలియలేదు పాపం.

“పరేషాన్ గాకమ్మా, మీ వడ్లు మావోళ్లు దించిన్రు. లైన్ పోలే,” అన్నాడు.

ఈ ఏడాది అదే పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది. “మేడం, ఎప్పటిదో రోమ్ ముచ్చట, ఇప్పుడు మనకెందుకు?”

పరీక్షలో రాసే జవాబైతే గడగడా చెప్పేదాన్నే. కానీ నాకు తెలిసింది చెప్పాను.

“ఇరవై ఏండ్ల సంది ఈ పాఠం నేనే చెప్తున్నమ్మా. మా తమ్ముడు ఒక్క గంట అడిగితే ఇయ్యలే.”