బుడాన్ ఒప్పుకున్న తప్పులు

మా కండక్టర్ బుడాన్‌కు ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఏ తప్పు మోపినా తనదేనని ఒప్పుకుంటాడు. బస్సు ఆలస్యమైతే, "తప్పు నాదేనండి." వానకు కిటికీ కారితే, "నాదేనండి." పెళ్లికి వెళ్తున్న పెద్దాయనొకరు ముహూర్తం మరీ పొద్దున్నే పెట్టారని విసుక్కుంటే దానికీ క్షమాపణ చెప్పాడు.

గుంటూరు–అమరావతి బస్సుకు పదకొండేళ్లుగా అతను కండక్టరు, నేను డ్రైవర్ని. ఆమధ్య యూనియన్ వాళ్లు మాట్లాడి మా జీతాలు పెంచించారు. ఆ నెలలోనే టికెట్ రేటూ పెరిగింది. ఇక ఎక్కినవాడల్లా బుడాన్‌నే పట్టుకున్నాడు.

"మా జేబులు కొట్టి జీతాలు పెంచుకున్నారా?"

"తప్పు నాదేనండి."

నాకు ఒళ్లు మండింది. "ఒరేయ్, ఒప్పందం మీద సంతకం పెట్టింది నువ్వా? మీటింగుకన్నా పోలేదు. తప్పు నీదెట్టా అవుద్దిరా?"

"పెరిగిన జీతం తీసుకున్నాగా ఆంజనేయులూ. వద్దన్లేదుగా?"

గేరు మార్చాను.

ఒకరోజు నజ్మీన్ అనే అమ్మాయి బుడాన్ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది. మిర్చి యార్డు దగ్గర ఎక్కిన అంకమ్మరావు అనే రైతు, టికెట్ రేటు వినగానే ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"మా కాయను అడిగే దిక్కులేదు. మీకేమో యూనియనుంది. మాకెవరున్నారు?"

నజ్మీన్ కళ్లు నిండాయి. టికెట్ మిషను బుడాన్ చేతిలో పెట్టేసింది. "తాడికొండలో దిగిపోతా చాచా. నాకీ ఉద్యోగం వద్దు."

బుడాన్ ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడ్డాడు. "ఆ అమ్మాయిది కాదండి, ఇవాళే పనిలోకి వచ్చింది. తప్పు నాది. నన్ను తిట్టండి."

అంకమ్మరావు తాడికొండ దగ్గరపడేదాకా తిట్టాడు. ఆయనకు ఆయాసం వచ్చాక బుడాన్ తన నీళ్ల సీసా అందించాడు. తర్వాత నా సీటు వెనక్కి వచ్చి, నజ్మీన్‌తో మెల్లగా అన్నాడు.

"నీ తప్పు లేదమ్మా, నాదీ లేదు. యార్డులో ఆయన ఎవర్నీ ఒక్క మాట అనలేకపోయుంటాడు. ఆ బరువు ఇంటికి మోసుకుపోతే అక్కడ ఎవరి మీద పడుద్దో! ఇక్కడే దింపుకోనీ. దానికి లగేజీ టికెట్ కూడా అక్కర్లేదు."

పదకొండేళ్లు పక్కనే ఉండి, నేను అతన్ని అమాయకుడనుకున్నాను.

తాడికొండ స్టాపు వచ్చింది. నజ్మీన్ దిగలేదు. కళ్లు తుడుచుకుని మిషను అడిగి తీసుకుంది. అంతలో వెనక సీట్లోంచి ఎవరో, "జీతాలు బాగా పెరిగాయంటగా అమ్మాయ్?" అన్నారు.

దిగ్గున లేచింది అంకమ్మరావే.

"ఆ పిల్ల ఇయ్యాలే వచ్చిందయ్యా, తనకేం తెలుసు? అడిగేదుంటే అదుగో, ఆ డ్రైవర్ని అడుగు!"

బస్సంతా నావైపు తిరిగింది. అద్దంలో నజ్మీన్ నవ్వడం కనిపించింది. రోడ్డు ఖాళీగానే ఉన్నా గట్టిగా హారన్ కొట్టాను.