మూతల బండి

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. మామయ్య వాళ్ళింట్లో గడిపిన ఆ వానాకాలం, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, నేను పశువుల కొట్టం పక్కన నిలిపిన కారులోకి దూరి పుస్తకాలు చదువుకునేదాన్ని.

డిగ్రీ పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్న రోజులవి. నాన్నకు పాల్వంచలో షిఫ్టు ఉద్యోగం. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోతే, క్వార్టర్లో మేమంతా సైగలతోనే మాట్లాడుకోవాలి. అందుకని అమ్మ నన్ను కొన్నాళ్ళు తన అన్న దగ్గరికి పంపింది. భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట వాళ్ళ ఊరు. మామయ్య పెద్ద రైతు. ఆయన అరుగు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. ఎరువుల గురించి వచ్చినవాళ్ళు, తగాదాలు తెచ్చినవాళ్ళు, ఊరికే వచ్చినవాళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను చూసి, "ఈ పిల్లకు సంబంధాలు చూస్తున్నరా?" అని అడిగేవాళ్ళు. నాకు జవాబు చెప్పడం రాదు, లేచి వెళ్ళిపోవడమూ రాదు. కారు తలుపు వేసుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

అది ఎర్రటి కారు. రెండే సీట్లు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, అందులో కూర్చుంటే కోళ్ళు నా కళ్ళకు ఎదురుగా నడిచిపోయేవి. పాల్వంచలో పనిచేసి స్వదేశం వెళ్ళిపోతున్న ఒక విదేశీ ఇంజనీరు దగ్గర మామయ్య దాన్ని ముచ్చటపడి కొన్నాడు. దాని కప్పు ఒకే ముక్క కాదు. ఒక్కో సీటు మీద ఒక్కో పలక. లోపలి గొళ్ళెం తిప్పి పైకెత్తితే ఊడి చేతిలోకి వస్తుంది. ఎండాకాలం సాయంత్రాలు మామయ్య రెండు పలకలూ తీసి వెనక పెట్టి, అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకుని గోదావరి ఒడ్డు దాకా వెళ్ళొచ్చేవాడట. ఊరి పిల్లలు దానికి మూతల బండి అని పేరు పెట్టారు. మామయ్యకూ అత్తయ్యకూ సంతానం లేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. కారు సంగతి మాత్రం రోజూ ఎత్తేవాళ్ళు.

ఎందుకంటే వానాకాలం వస్తే అది ఉరిసేది, కప్పులోంచి నీళ్ళు లోపలికి కారేవి. మామయ్య పలకల చుట్టూ సైకిలు ట్యూబు కోసి అతికించాడు. ఉరిసింది. అద్దాలకు పెట్టే లప్పం పెట్టాడు. ఉరిసింది. చివరికి భద్రాచలం రేవులో పడవలు బాగుచేసేవాళ్ళ దగ్గర కూర్చుని, చెక్కల సందులకు గుగ్గిలం, నూనె కలిపి కాచి ఎలా పూస్తారో చూసి వచ్చాడు. వస్తూనే అత్తయ్య మూకుడు తీసుకుని పొయ్యి మీద పెట్టాడు. ఇల్లంతా పూజగదిలా వాసన.

"నా మూకుడు ఖరాబు జేస్తివి గదయ్యా!" అంది అత్తయ్య.

"గోదావరి మీద తేలే పడవకే చుక్క రానియ్యది ఇది. పైకెల్లి పడే వాన దీనికో లెక్కనా?"

"పడవకు ఎవడన్న మూతలు పెట్టుకుంటడా?"

మామయ్య వినిపించుకోలేదు. పలక కూర్చునే గాడి పొడవునా, కనిపించిన ప్రతి సందులో, ప్రతి చిన్న గుంటలో వేడి గుగ్గిలం నింపాడు. అది నిలిచిందో లేదో తెలియాలని కారును ఆరుబయటే వానకు వదిలేశాడు. నేను అందులో చేరింది అప్పుడే.

ఆ నెలలోనే నేలకొండపల్లిలో అత్తయ్య తరఫు వాళ్ళ పెళ్ళి. ఇద్దరూ కారులోనే వెళ్ళారు. ఖమ్మం దాటాక వాన పట్టుకుంది. గుగ్గిలం నూనె కలిసిన గోధుమరంగు నీళ్ళు అత్తయ్య మీగడ రంగు పట్టుచీర మీద భుజం నుంచి నడుము దాకా కారాయి. పెళ్ళి పందిట్లో వరసకు వదిన అయ్యే ఆవిడ, "ఏంది వదినా, మున్నేటి వాగుల మునిగి వచ్చినవా? మీ ఆయన బండికి మూతలున్నయంటిరి గద!" అని అందరికీ వినబడేలా అడిగిందట. అత్తయ్య భోజనం చేయకుండా తిరిగి వచ్చింది. బస్సులో.

ఇంటికొచ్చాక మామయ్యతో ఆమె గట్టిగా కూడా మాట్లాడలేదు. అదే నాకు భయమనిపించింది.

"కల్లూరు మిల్లాయన ఈ బండి అడుగుతున్నడు గద. ఆదివారం రమ్మను. ఆయన ముంగటనే నేను దీంట్ల కూసొని భద్రాచలం పోయొస్త. నా మీద ఒక్క చుక్క పడ్డా తాళాలు ఆయనకిచ్చెయ్యాలె."

"ఆదివారం వాన పడకపోతే?"

"పడ్డదాక ఆయనను ఈడనే కూసోబెట్టి బువ్వ పెడ్త."

మామయ్య సరేనన్నాడు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చోలేదు. కారు దగ్గర పీట వేసుకుని, గుగ్గిలంతో అతుక్కుపోయిన పలకను కత్తితో నెమ్మదిగా ఊడదీసి, ఒళ్ళో పెట్టుకుని పాత పంచెతో తుడుస్తూ కూర్చున్నాడు. అంత పెద్దమనిషిని అలా చూడలేక నేను లోపలికి వచ్చేశాను.

నాకు ఒక సంగతి తెలుసు. వాన మొదలవగానే కారులోకి చుక్క పడేది కాదు. ఒక కథ చదివేంత సేపు పుస్తకం పొడిగానే ఉండేది. తర్వాత పలక వెనక మూల నుంచి ఒకటీ ఒకటీ మొదలయ్యేవి. వాన వెలిసి ఎండ వచ్చాక కూడా పడుతూనే ఉండేవి. అంటే నీళ్ళు తిన్నగా సందులోంచి దూరడం లేదు. ఎక్కడో నిండుతున్నాయి, నిండాక పొర్లుతున్నాయి. ఇంత చిన్న మాట మామయ్యకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన చుట్టూ ఎప్పుడూ మనుషులు. పైగా నీకెలా తెలుసంటే ఏం చెప్పాలి? వయసొచ్చిన పిల్ల కారులో తలుపులు వేసుకుని కూర్చుంటుందని తెలిస్తే అరుగు మీదివాళ్ళకు అదొక కబురవుతుంది.

శనివారం పొద్దున వంటింట్లో అత్తయ్య పక్కన కూర్చుని గోంగూర తుంచుతూ, ఆకుతో చెబుతున్నట్టు అన్నాను. "అత్తయ్యా, నీళ్ళు నిండినంకనే పడుతున్నయి."

"ఏడ?"

"బండిల. వెనక మూలకు."

"నీకెట్ల ఎరుకనే?"

నేను కాడలు తుంచుతూ ఉండిపోయాను. ఆమె నా వంక కాసేపు చూసింది. చెంబు నిండా నీళ్ళు ముంచుకుని బయటికి నడిచింది. పలక తీసి ఉన్న చోట గాడిలో నీళ్ళు పోసింది. నీళ్ళు ఎటూ పోలేదు. కాలువలో నిలిచినట్టు నిలిచి, కొంచెంసేపటికి వెనక మూల నుంచి సీటు మీదికి దిగాయి.

"ఏమయ్యా, ఇటు రా! నిండిన మడిల నీళ్ళు ఏడికెల్లి పోతయి?"

"తూములకెల్లి పోతయి." మామయ్యకు ఆమె ఎందుకు అడుగుతోందో అర్థం కాలేదు.

"మరి దీని తూమేది?"

మామయ్య గాడి మూలలో వేలు పెట్టి తడిమాడు. అక్కడొక చిన్న గుంట, దాని నిండా రాయిలా గట్టిపడ్డ గుగ్గిలం.

"బొక్క పడ్డదనుకొని మూసిన గదనే!"

"తూము మూసి గట్టు పెంచుకుంట పోతే మడి పొర్లదా? బుద్ధి తెలిసినకాన్నుంచి వ్యవసాయమే జేస్తున్నవ్!"

"కారుకు తూముంటదని ఎవడనుకుంటడే!"

ఆ కారు చేసినవాళ్ళకు తెలుసు, రబ్బరు ఎంత గట్టిగా ఉన్నా కొన్ని నీళ్ళు దూరతాయని. వాటిని గాడిలోకి పట్టి, సన్నటి గొట్టంలోంచి చక్రం పక్కన నేలకు వదిలే ఏర్పాటు చేశారు. మొదట్లో ఏ ఆకులో, దుమ్మో అడ్డుపడి ఉంటుంది. ఆ తర్వాత మామయ్య శాశ్వతంగా బిరడా వేశాడు.

సైకిలు చక్రం పుల్ల ఎర్రగా కాల్చి గుంటలో గుచ్చితే గుగ్గిలం పొగలు కక్కుతూ కరిగింది. ఆ వెనక సన్న తీగ పంపి కదిలించాడు. అత్తయ్య పైనుంచి నీళ్ళు పోస్తోంది, నేను బిందెలతో అందిస్తున్నాను, మామయ్య తెల్ల పంచెతో బురదలో పడుకుని చక్రం కింద తల పెట్టాడు. ముందు నల్లటి మడ్డి వచ్చింది, తర్వాత గోధుమరంగు, తర్వాత తేట నీళ్ళు.

"వచ్చినయే! పొయ్యి! ఇంకా పొయ్యి!" అని ఆయన కింద నుంచి అరుస్తుంటే అత్తయ్య నవ్వు ఆపుకోలేక నీళ్ళు సగం ఆయన కాళ్ళ మీదే పోసింది. గాడిలోని గుగ్గిలమంతా గీకి, అడుగున దాగిన అసలు రబ్బరును సబ్బుతో కడిగి, అంటుకుపోకుండా అత్తయ్య మొహానికి రాసుకునే పౌడరు అద్దాడు.

ఆదివారం మిల్లాయన వచ్చేసరికే మబ్బు పట్టి ఉంది. వాన జోరందుకున్నాక మామయ్యా అత్తయ్యా బయలుదేరారు. మిల్లాయనా నేనూ అరుగు మీద మిగిలాం. "మీ మామ మస్తు మొండోడు బిడ్డా," అన్నాడాయన. అవునన్నట్టు తలూపాను. వాన ఇంకా పెరిగింది. అంత వానలో మనసులో మొక్కుకున్నాను గాని ఏమని మొక్కుకోవాలో తోచలేదు, వాన తగ్గితే పందెం చెల్లదు.

కారు తిరిగొచ్చింది. మామయ్య దిగి అత్తయ్య వైపు తలుపు తీశాడు, మొహంలోకి చూడకుండా. మిల్లాయన లేచి నిలబడ్డాడు.

"ఏం చెల్లె, తాళాలు నాకేనా?"

"పొడిగున్న అన్నా. కావాలంటే చూడు," అని అత్తయ్య కుడిచేయి చాచి చూపించింది. కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుని ఉంది. మామయ్య పెద్దగా నవ్వి మిల్లాయన వీపు మీద చరిచాడు. ఇద్దరూ మళ్ళీ కారు దగ్గరికి నడిచారు, చక్రం పక్కన నీళ్ళు ఎలా పడుతున్నాయో చూడటానికి.

అత్తయ్య వెనకే వంటింట్లోకి వెళ్ళాను. ఆమె కొంగు వదులు చేసింది. ఎడమ భుజం మీద రవిక తమలపాకంత మేర తడిసి ఉంది. నేను చూడటం చూసి, కొంగు మళ్ళీ లాక్కుంది.

"గట్ల గుడ్లప్పగించి చూస్తవేంది? మీ మామ చెవిన పడ్డదనుకో, నీ పని చెప్త. పో, చాయ్‌ల చక్కెర జర ఎక్కువెయ్యి. పాపం, మిల్లాయన ఉత్త చేతులతో పోతుండు."