పరీక్షే చేయకపోతే సున్నా ఎలా అవుతుంది?

నీళ్ల పరీక్షల ఆఫీసులో ఆమెను అందరూ కొర్రీల అక్క అనేవారు. కంప్యూటర్‌లోని పట్టికలను ప్రశ్నలు అడిగి జవాబులు రాబట్టడం ఆమె ఉద్యోగం. మనుషుల్ని అడగడం మాత్రం స్వభావం.

ఆ ప్రశ్నల భాషంటే ఆమెకు ప్రాణం. అందులో ఒక ప్రశ్నకు వచ్చిన జవాబు కూడా పట్టికే. దాన్ని మరో ప్రశ్నకు అందించవచ్చు, ఆ వచ్చినదాన్ని ఇంకోదానికి. షరతు ఒక్కటే: లోపలి ప్రశ్న ఇచ్చేదీ, బయటి ప్రశ్న కోరేదీ ఒకే రకం కావాలి. అంకె కోరిన చోట మాట రాకూడదు.

ఆ సోమవారం నివేదికలో రైలు పట్టాల అవతలి వీధి నీళ్లు 'సురక్షితం' అని వచ్చింది. ఆమె చెల్లెలు ఉండేది అక్కడే. "పిల్లలిద్దరికీ విరేచనాలు ఆగట్లేదక్కా" అని ముందురోజే ఫోన్లో ఏడ్చింది.

అక్క ప్రశ్నలను విడదీసి చూసింది. లోపలిది నిజమే చెప్పింది: ఐదు కుళాయిల్లో ఒకదాంట్లో క్రిములు నలభై, మిగతా నాలుగింటికి 'చేయలేదు' అని రాసి ఉంది. బయటిది సగటు తీసేది, ఆరేళ్ల కిందట ఆమే రాసింది. విడివిడిగా రెండూ సరైనవే. కలిపేసరికి, 'చేయలేదు' అన్న మాటను యంత్రం చడీచప్పుడు లేకుండా సున్నా చేసేసింది. సగటు ఎనిమిది. ఆఫీసు పెట్టుకున్న హద్దు పది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తన మీద కూడా. నివేదిక పట్టుకుని అధికారి గదికి వెళ్లింది.

"ఎర్రర్ ఏమైనా చూపించిందామ్మా?" అన్నాడు అధికారి, ఫైల్లోంచి తల ఎత్తకుండా.

"చూపించకపోవడమే తప్పు సార్! పరీక్షే చేయకపోతే సున్నా ఎలా అవుతుంది? తలుపు తీయని గదిలో పాము లేదని రాసిస్తారా?"

"పైవాళ్లు సాయంత్రంలోపు అడుగుతున్నారు. సంతకం పెట్టండి."

"పెట్టను."

తన బల్ల దగ్గరికి వచ్చి, అంకెల చోట మాట కనిపిస్తే అక్కడే ఆగిపోయేలా ప్రశ్నను తిరగరాసింది. నివేదిక పదకొండు వీధుల దగ్గర ఆగిపోయింది.

"నిన్నటిదాకా నడిచినదాన్ని చెడగొట్టారు!" అధికారి అరిచాడు.

"నిన్నటిదాకా అబద్ధం చెప్పింది సార్. ఇవాళ నోరు మూసుకుంది, అంతే."

నివేదిక వెళ్లలేదు. గత్యంతరం లేక మర్నాడు ఆ వీధుల నీళ్లు పట్టించి పరీక్ష చేయించారు. చెల్లెలి వీధిలో మిగిలిన నాలుగు కుళాయిల్లో మూడింటి నీళ్లు పాడైనవే. సరఫరా ఆపి ట్యాంకర్లు పంపారు. వారానికి పిల్లలు కోలుకున్నారు.

అక్కకు మెమో వచ్చింది: నివేదిక ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వాలట. చదివి, మడిచి సొరుగులో పడేసింది. తరువాత పాత నివేదికలన్నీ బయటికి తీసి, ఆరేళ్ల కిందటి మొదటి నెల దగ్గర్నుంచి ఒక్కో వీధినీ మళ్లీ అడగడం మొదలుపెట్టింది.