గుండీలు పెట్టిన చేతులు

1964లో గురజాల దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. మా పైన మేట్రన్ హెల్గా సిస్టర్, జర్మనీ మనిషి. యుద్ధం అయిపోయాక మన దేశం వచ్చి, బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు మాట్లాడేవారు.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలైన మర్నాడు పక్క ఊరి కూలీ యేసోబును మంచం మీద మోసుకొచ్చారు. తల పగిలింది. తను పనిచేసే ఆసామి చెప్పిన మనిషికి ఓటు వెయ్యలేదని కొట్టారట. దెబ్బల కేసులో పోలీసులు వాంగ్మూలం తీసుకునేదాకా, డాక్టరు సంతకం పెట్టేదాకా రోగిని పంపకూడదు. పోలీసులింకా రాలేదు. డాక్టరుగారు గుంటూరు వెళ్ళారు.

మధ్యాహ్నం ఆసామి తమ్ముడు నలుగురిని వెంటేసుకుని బండి కట్టుకొచ్చాడు. "మా ఊరోడు, మేం జూసుకుంటాం. పంపియ్యండి" అన్నాడు. యేసోబు భార్య మరియమ్మ నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఆ బండెక్కితే నా మొగుడు ఇల్లు చేరడు" అంది. మా సీనియర్ నర్సు కరుణమ్మ మంచి మనిషే, కానీ భయపడింది. "ఊళ్ళోవాళ్ళ గొడవ, మనకెందుకే? చొక్కా తొడిగి పంపించు" అంది. నేను వాచ్‌మన్‌ను పోలీసు స్టేషనుకు పంపి, మేట్రన్ గదికి పరిగెత్తాను.

హెల్గా సిస్టర్ వచ్చి వార్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "డాక్టరు వచ్చువరకు ఈ మనుష్యుడు కదలడు" అన్నారు.

"ఏందమ్మా, ఆడమనిషివని ఊరుకుంటున్నా. మా సంగతి నీకు దెలవదు" అని ఆసామి తమ్ముడు గదమాయించాడు. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. పొద్దువాలే వేళకు పోలీసులొచ్చారు. బండి ఖాళీగా వెళ్ళింది.

పంపించమన్నందుకు కరుణమ్మ ఏడ్చింది. అప్పుడు సిస్టర్ మా ఇద్దరికీ తన సంగతి చెప్పారు. యుద్ధకాలంలో ఆవిడ ఒక పిచ్చాసుపత్రిలో నర్సు. వేరే ఆసుపత్రికని చెప్పి సర్కారు మనుషులు రోగులను బస్సుల్లో తీసుకెళ్ళారు. కొన్నాళ్ళకే వాళ్ళు చనిపోయినట్టు ఇళ్ళకు కబుర్లు వెళ్ళాయి. మళ్ళీ బస్సు వచ్చేసరికి అది ఎక్కడికో అందరికీ తెలుసు.

"చలికాలము. నేను వారి కోట్లకు గుండీలు పెట్టితిని. ఎవరినీ చంపలేదు, గుండీలు పెట్టితిని. ఒక చిన్నది నాకు వందనములు చెప్పినది."

"చిన్న నర్సు, మీరేం చెయ్యగలరు సిస్టర్?" అంది కరుణమ్మ.

"మేమందరము అదే అనుకొంటిమి."

యేసోబు బతికాడు. కేసు మాత్రం నిలవలేదు. చూసినవాళ్ళు ఒక్కరూ కోర్టుకు రాలేదు. అతను భార్యను తీసుకుని సాగర్ డ్యాము పనులకు వెళ్ళిపోయాడు.

నేను మేట్రన్‌నయ్యాక కొత్త నర్సులకు ఒక మాట చెప్పేదాన్ని. రోగిని పంపమన్నది ఎంత పెద్దవాళ్ళయినా సరే, ఎక్కడికి, ఎందుకు అని అడగాలి. తయారుచేసి పంపేది మనమే గనుక, ఆ తర్వాత జరిగేదాంట్లో మన పాలు ఉంటుంది.