బొమ్మల మెడ కొలతలు

హిందూపురంలో కూడళ్లలోని నాయకుల బొమ్మలను తలెత్తి చూసే మనిషి ఒక్కతే ఉంది. మిగతా ఊరికి అవి మలుపు గుర్తులు. “చెయ్యెత్తినాయన కాడ దిగి ఎడమకు తిరుగు” అని దారి చెప్పడానికి తప్ప వాటితో ఎవరికీ పనిలేదు. జయంతికీ వర్ధంతికీ ఓ గంటసేపు జనం చేరతారు గానీ, వాళ్లు చూసేది బొమ్మను కాదు, ఫోటో తీసేవాణ్ని.

పూలకొట్టు జయలక్ష్మమ్మ మాత్రం సోమవారం పొద్దున బేరాలు తగ్గగానే కొట్టును కూతురు రేఖకు అప్పగించి బొమ్మల్ని చూడబోతుంది. చేతిలో మూరకొక ముడి వేసిన నూలుతాడు. కదలని బొమ్మను వారం వారం చూసేదేముందని అడిగితే, “కదలకపోతే మారదా?” అంటుంది. మొన్నటిదాకా లేని ఇనుప కటకటాలు వచ్చి ఉంటాయి. నిచ్చెన వేసే చోట ఎవరో ఫ్లెక్సీ కట్టి ఉంటారు. దండ కట్టేవాళ్లకు ఇవన్నీ కావాలి. చెయ్యెత్తినాయనకు పన్నెండు మూరలు, అదీ కింద ముడి విప్పి ఉంచి, చంక కిందుగా తెచ్చి వెనక కట్టాలి. కుర్చీలో కూర్చున్నాయనకు తొమ్మిది చాలు. ఎక్కువైతే ఒళ్లో కుప్పపడి, బజ్జీల పొట్లం పెట్టుకున్నట్టు ఉంటుంది. ఎవరు ఏ పార్టీ, ఎవరు ఎవర్ని జైల్లో పెట్టించారు అన్నది ఆమెకు పట్టదు. “మెడ కొలతకు పార్టీ ఉండదప్పా” అంటుంది. ఆ ఊళ్లో వేదికల మీద విన్న మాటలన్నిటికన్నా ఈ మాటలో నిజం ఎక్కువ.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. పదేళ్ల కిందట ఒక కొత్త బొమ్మకు ఫోటో చూసి దండ కట్టింది. ఫోటో రొమ్ము వరకే ఉంది. చాచిన చెయ్యి అందులో పడలేదు. నిచ్చెనెక్కిన పెద్దమనిషి దండ వేయబోతే మోచేతి దగ్గర ఇరుక్కుంది. ఆయన లాగాడు. దారం తెగింది. బంతిపూలు బ్యాండువాళ్ల డప్పుల మీద టపటపా రాలాయి. ఆ తర్వాత ఏడాదిపాటు మూరెడు మల్లెలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా “ఏమక్కా, దారం గట్టిదేనా?” అని అడిగి పోయేవాళ్లు. అప్పటినుంచి ఆమె పెట్టుకున్న కట్టడి ఒకటే: కళ్లతో చూడని బొమ్మకు దండ కట్టకూడదు.

అలాంటి మనిషికి ధర్మవరం నుంచి ఫోనొచ్చింది. చేసింది అక్కడి పట్టుచీరల వ్యాపారుల సంఘం కార్యదర్శి రాఘవేంద్ర. స్టేషన్ రోడ్డు మలుపులో మగ్గం ముందు కూర్చున్న నేతగత్తె బొమ్మ పెట్టించారట. ఆదివారం ఆవిష్కరణ. పదహారు మూరల దండ కావాలి.

“కొలత చూడల్ల నాయనా.”

“కొలతేందమ్మా, మెడే కదా!”

“ఇదే మాట ముందొకాయన కూడా అన్యాడు” అని ఫోను పెట్టేసి, గురువారం రైలెక్కింది.

కూడా భర్త రంగయ్య ఉన్నాడు. ఆయన కొట్టుకు పూలమూటలు మోసే పని చాలించి, పెళ్లాన్ని ఎగతాళి చేసే పనిలో పూర్తికాలం కుదురుకున్నాడు. రైలు పెనుకొండ దాటుతుంటే కొండ మీది కోటగోడ చూపించాడు.

“ఏమే, ఆ కొండకు దండ కట్టమంటే ఎన్ని మూరలు పడతాది?”

“ముందు మెడ యాడుందో చూపియ్యి, చెప్తా.”

ఎదురు సీట్లో వేరుసెనక్కాయలు ఒలుచుకుంటున్న ముసలమ్మ పొలమారేలా నవ్వింది. రంగయ్య ఆమెనడిగి గుప్పెడు కాయలు తీసుకుని ధర్మవరం దాకా ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

బొమ్మ చుట్టూ పసుపుగుడ్డ చుట్టి తాడు బిగించి ఉంది. రాఘవేంద్ర నలభై ఏళ్లవాడు. తెల్లచొక్కా, చెవి దగ్గర ఫోను. ముసుగు తియ్యడానికి ససేమిరా అన్నాడు.

“ఆదివారం పదకొండుకు ముహూర్తం పెట్టినాం. ముందే తీస్తే ఎట్లమ్మా?”

“తియ్యద్దు. నేనే లోపలికి పోతా.”

“యాడికి?”

“గుడ్డ లోపలికి.”

ఆయన ఫోను దించేలోగా ఆమె చెప్పులు విడిచి, దిమ్మె ఎక్కి, గుడ్డ అంచు ఎత్తుకుని దూరిపోయింది. రంగయ్య రోడ్డున పోయేవాళ్లందరికీ “కొలతలు తీస్తాంది, కొలతలు” అని చెబుతూ కాపలా నిలబడ్డాడు.

లోపల ఎండ పసుపురంగులో నిండి ఉంది. వేడికి సిమెంటు వాసన. శిల్పి ఎవరో గానీ పనిమంతుడు. చీర అంచులో మామిడిపిందెలు వరసగా చెక్కాడు. కుడిచేతి వేళ్లు మగ్గం తాడును పట్టుకున్న తీరులో బిగువు ఉంది. ఆమె తన నూలుతాడు తీసి మెడ మీద వేసింది. జారింది. మళ్లీ వేసింది. మళ్లీ జారి, ముందున్న మగ్గం మీద పడింది. నేసేవాళ్లు తల వంచుకుని ఉంటారు. ఈమె కూడా గడ్డం రొమ్ముకు తగిలేంతగా వంగి ఉంది. వంగిన మెడ మీద పదహారు మూరల బరువు ఎక్కడ నిలుస్తుంది? నిలిచినా చేతులూ మగ్గమూ నేత గుడ్డా అన్నీ పూలకింద పడతాయి, తల ఒక్కటి మిగులుతుంది.

ఆదివారం వందలమంది ముందు ఈ దండ జారితే? పోయినసారి నవ్వింది హిందూపురం ఒక్కటే. ఈసారి రైలు ఆగే ప్రతి స్టేషనులోనూ నవ్వుతారు. వచ్చిన దారినే పోదామనుకుని బొమ్మ పక్కగా వెనక్కి జరిగింది. అప్పుడు కనబడింది కొప్పు. నున్నగా, గుండ్రంగా, మెడ మీద బోసిగా. అంచులో ఇన్ని పిందెలు చెక్కినవాడికి కొప్పులో పూలు గుర్తుకు రాలేదు. జానతో కొలిచింది. చుట్టూ రెండు జానలు.

బయటికి వచ్చి చెప్పేసింది. “దండ కుదరదు. కొప్పు చుట్టూ పూలచెండు కడతా. దండే కావాలంటే ఇంకొకర్ని చూసుకోండి.”

రాఘవేంద్ర మండిపడ్డాడు. “ఏమ్మా, హిందూపురం నుంచి వచ్చి మాకు పద్ధతులు చెప్తాండావా? దండ లేని ఆవిష్కరణ యాడన్నా ఉందా?”

“నువ్వు మగ్గాలింట్లో పుట్టినోడివే కదా?”

“మాయమ్మ ముప్పై ఏళ్లు నేసింది.”

“మగ్గం మీద కూచున్నెప్పుడు ఆయమ్మ మెడలో తడిపూల దండ ఎవురన్నా ఏసినారా?”

“ఏసేదేంది! నీళ్లు పడితే పట్టు మీద మరక...” అంటూ పసుపుగుడ్డ వంక తిరిగాడు. “కొప్పులో మాత్రం పెట్టుకునేది. శుక్రవారం శుక్రవారం” అన్నాడు, గొంతు తగ్గించి.

అయినా ఇంకో చిక్కు మిగిలింది. “ముఖ్య అతిథి మగోడు కదమ్మా. ఆడబొమ్మ కొప్పులో ఆయన పూలెట్ల పెడతాడు? పేపర్లో పడితే వాళ్లింట్లో ఊరుకుంటారా?”

“పూలు నేను పెడతా. దండ ఆయప్పకే ఏద్దాంలే. ఆయప్ప తల వంచడు” అంది జయలక్ష్మమ్మ. “నాలుగు మూరలు చాలు.”

రంగయ్య రోడ్డు వైపు తిరిగి నవ్వుకున్నాడు.

ఆదివారం పదకొండు గంటల ముహూర్తం పన్నెండున్నరకు వచ్చింది. ముఖ్య అతిథి గుడ్డ లాగాడు, చప్పట్లు మోగాయి, ఆయన అలవాటు ప్రకారం దండ కోసం రెండు చేతులూ చాచాడు. చేతులు అట్లాగే ఉన్నాయి. “దండ యాడ?” అన్నాడు. రాఘవేంద్ర మైకు పట్టుకుని “హలో, హలో” అంటూ తట్టాడు. పదేళ్లనాటి డప్పులు జయలక్ష్మమ్మ చెవిలో మళ్లీ మోగాయి.

ముందు వరసలోంచి నేతపని చేసే సరస్వతమ్మ గొంతు లేచింది. “మగ్గం మీదున్న మనిషికి దండేందప్పా? పట్టు చెడిపోదూ?”

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ఆ నవ్వులో రాఘవేంద్ర మైకు పక్కన పెట్టి దండ అందుకున్నాడు. నాలుగు మూరల దండ అతిథి మెడలో పడింది. కచ్చితంగా నడుము దాకా దిగింది. ఆయన కూడా నవ్వేశాడు. అప్పుడు జయలక్ష్మమ్మ నిచ్చెనెక్కి, కనకాంబరాలూ మల్లెలూ కలిపి ఒత్తుగా కట్టిన చెండును కొప్పు చుట్టూ తిప్పి, అరటినారతో ముడేసింది. వేలితో ఒకసారి లాగి చూసింది. చెండు కదల్లేదు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. బొమ్మ, అతిథి, ఆయన దండ. పూలచెండు జాడే లేదు. రంగయ్య కళ్లజోడు పెట్టుకుని మరీ వెతికాడు.

“ఏమే, నీ పూలు యాడుండాయి ఇందులో?”

“కొప్పు వెనకాల ఉంటాది కదా” అంది. పేపరు మడిచి, అందులో గిరాకీకి మూరెడు మల్లెలు చుట్టి ఇచ్చింది. “ఫోటో తీసేవాళ్లంతా ముందర నిలబడిరి. స్టేషన్ నుంచి ఇంటికి పోయే ఆడోళ్లకు మాత్రం ముందు కనపడేది ఆ వీపే. ముగ్గురు నిలబడి చూసిరి. నేను లెక్కపెట్టినా.”