గుమ్మిరాజ్యపు పంచాంగం

మా డ్రాయింగు సారు పోయారని మంథని నుంచి నేనిప్పుడుంటున్న హుస్నాబాద్ వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. నేను వెంటనే నమ్మలేదు. ఆయన విషయంలో ఒకసారి తొందరపడి నమ్మి నవ్వులపాలైనవాణ్ణి మరి.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. మంథని బడిలో నేను చరిత్ర పంతుల్ని, సారుది పక్కిల్లు. నాకప్పటికి తెలియదు గానీ, ఆయన లేని రాజ్యమొకదాన్ని పుట్టించి, గుమ్మిరాజ్యమని పేరు పెట్టి, దాని దీపాలు, నాణేలు, బొజ్జరాజుల బొమ్మలు మట్టితో చేసేవారు. చేసినవాటిని పెరట్లో పెంటకుప్పలో ఆరునెలలు పాతిపెట్టేవారు. "పాతగ కావాల్నంటె పెంటల మగ్గాలె సారూ" అని తరువాత నాకు చెప్పారు. ఆ ముక్క ముందే చెబితే ఆయన సొమ్మేం పోయేది?

ఒక పొద్దున ఆయన కుప్పలోంచి రొట్టెంత మట్టిబిళ్ల తీస్తుంటే చూశాను. దానికి ఏడు చిల్లులు.

"ఏంది సారూ అది?"

"గుమ్మిరాజుల కాలంది" అన్నారు, నవ్వకుండా.

ఏడు చిల్లులు, ఏడు వారాలు! పంచాంగమేనని తేల్చేసి, ఆయనకు చెప్పకుండా హైదరాబాదులో పాత వస్తువులు చూసే ఆఫీసుకు నాలుగు పేజీల ఉత్తరం రాసిపడేశాను.

నెల తిరక్కుండా ఆఫీసరు దిగాడు. వెంట మా హెడ్మాస్టరు. "నకిలీ అని తేలిందో, నీ నౌకరి పోతది" అని హెడ్మాస్టరు సారుతో వాకిట్లోనే అన్నారు. నా ఉత్తరం ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

ఆఫీసరు భూతద్దంతో చిల్లులు చూస్తుండగా, సారు ఇల్లాలు, నేను అక్కా అని పిలిచే ఆమె, వేడివేడి సర్వపిండి, అదే బియ్యప్పిండి రొట్టె, తెచ్చి ముందు పెట్టింది. ఆయన పళ్లెం చూశాడు, బిళ్ల చూశాడు. రెంటికీ అవే ఏడు చిల్లులు, చివరిది వంకర.

"ఇదేందమ్మా?"

"నూనె దిగనీకి వేలుతోని పొక్కలు పెడ్తం సారూ. ఆ మట్టిదానికి గూడ నేనే పెట్టిన, ఈయన బతిమాలితె."

హెడ్మాస్టరు ముఖం కందగడ్డైంది. "తప్పు నాది సార్, రాసింది నేను" అన్నాను.

"దొరికిందని నేనెన్నడు అనలే. గుమ్మిరాజుల కాలంది అన్న, గంతే" అన్నారు సారు.

ఆఫీసరు పగలబడి నవ్వి, మూడు సర్వపిండులు తిని, "జానే దో సాబ్, పోనీండి" అని హెడ్మాస్టరు భుజం తట్టి బస్సెక్కాడు. నౌకరి నిలిచింది.

సిగ్గుతో నెలరోజులు ఆ గడప తొక్కలేదు. ఆయనే వచ్చారు, ఒక బొమ్మ పట్టుకుని. దాని చేతిలో ఉత్తరం, ఇంతింత చెవులు. "గుమ్మిరాజు కొలువుల చరిత్ర పంతులు గూడ ఉండెనంట సారూ. చాన మంచోడంట." నవ్వి నవ్వి కళ్లనీళ్లొచ్చాయి. ఆ తరువాత ఒక్కనాడు కూడా ఆయన నన్ను దెప్పలేదు. అందుకే ఆయనంటే నాకు ప్రాణం.

కండక్టరు మాట ఈసారి నిజమే అయింది. పదోనాడు మంథని వెళితే, అక్క ఆ బిళ్లను పాతగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమన్నడు తమ్మీ. ఊరంత నవ్వింది గని, ఆయన రాజ్యాన్ని నమ్మింది నువ్వొక్కనివే అని మురిసేటోడు."

ఇప్పుడది నా బల్ల మీద ఉంది. రోజూ పొద్దున ఒక చింతగింజను ఒక చిల్లులోంచి పక్క చిల్లులోకి జరుపుతున్నాను. వంకరది ఆదివారమని నేనే నిర్ణయించాను. ఇవాళ గింజ అందులో ఉంది. గుమ్మిరాజ్యానికి సెలవు.