పొగ లేని ఇల్లు

మా అపార్ట్‌మెంటు వెనక, పిల్లల ఉయ్యాలలకూ ప్రహరీ గోడకూ మధ్యన, వంటింటి చెత్తతో గ్యాసు తయారుచేసే ఆకుపచ్చ తొట్టి ఒకటి ఉంది. పొద్దున్నే దాని మూత తీసి, రాత్రి మిగిలిన అన్నం, అరటి తొక్కలు, కూరగాయల చెక్కు నీళ్ళతో కలిపి లోపల పోసేటప్పుడు ఒక వాసన లేస్తుంది. పులిసిన కుడితి, నానిన గడ్డి, పేడ, వాటన్నిటి కింద ఎక్కడో సన్నగా కుళ్ళిన గుడ్డు, ఇవన్నీ కలిసిన వాసన. నడకకు వచ్చినవాళ్ళు చున్నీలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అడుగు వేగం పెంచుతారు. నేను మాత్రం ఆగిపోతాను. నా వెనక వచ్చేవాళ్ళు విసుక్కుంటూ పక్కనుంచి తప్పుకుని పోతారు. వాళ్ళకు అది చెత్త కంపు, నాకు పదేళ్ళ వయసు.

అప్పటికి నాన్నకు ఉక్కు ప్లాంటు క్వార్టరు రాలేదు. కోక్ ఓవెన్ల దగ్గర పని చేసి, కనురెప్పల్లో బొగ్గునుసితో ఇంటికి వచ్చేవాడు. మరోదా అనే ఊరి పక్కన, రైలు పట్టాల అవతల, రెండు వరసల్లో మట్టి గోడల పెంకుటిళ్ళుండేవి, అందులో ఒకటి మాది. ఆ వరసల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. వేసవిలో వడగాలికి తలుపులకు తడి గోనెలు కట్టుకుని, మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్దుకుని, ఆ చీకట్లోనే అష్టాచెమ్మా ఆడుకునేవాళ్ళం. వానలొస్తే ఎర్రమట్టి చెప్పులకు అంటుకుని పాదాలు గుమ్మడికాయలంత అయ్యేవి. చలికాలం వస్తే అమ్మ చోడి అంబలిలో, అంటే రాగి జావలో, మజ్జిగ, ఉల్లిపాయ వేసి లోటాలతో ఇచ్చేది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ పంపే ఠేఠరీలు, శనగపిండి జంతికలకు పెదనాన్న కొడుకుల్లాంటివి, కరకరా నములుతూ పిట్టూ అనే ఏడుపెంకులాటకు పరుగెత్తేవాళ్ళం. వరస చివర బిసాహు కాకా పశువుల పాక. ఆయన ఆవులు, గేదెలు ఒకదాని వెనక ఒకటి మా గుమ్మాల ముందునుంచే మేతకు వెళ్ళేవి.

మా పేటలో గడియారం కంటే ముందు పొగ లేచేది. అందరివీ బొగ్గుల కుంపట్లే. ఇంటి ముందు పెట్టి రాజేసి, పొగ తగ్గాక లోపలికి మోసుకుపోవాలి. ఏ ఇంటి మీద ఎలాంటి పొగ లేచిందో చూసి ఆ ఇంటి సంగతి చెప్పేయడం మా ఆడవాళ్ళ విద్య. తెల్లగా దట్టంగా లేస్తే పిడకలు తడిశాయని, ఆలస్యంగా లేస్తే ఆ ఇంటాయన నైట్ షిఫ్టని, అసలే లేవకపోతే జ్వరమో, మొగుడూ పెళ్ళాల అలకో అని. చావింట పొయ్యి వెలగదు కదా, అందుకని పొగ కనబడని ఇంటికి ఎవరో ఒకరు కొంగు బిగించుకుని వెళ్ళి చూసి వచ్చేవారు. వెళ్ళమని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

కుంపటి రాజేయడం మాటలు కాదు. కిరసనాయిలు ఎప్పుడూ తక్కువే. అందుకని సగం పేట నరసమ్మామ్మ దగ్గర నిప్పు తెచ్చుకునేది. నరసమ్మామ్మకు పిల్లల్లేరు. ఆవిడ భర్త ప్లాంటు కట్టిన తొలి రోజుల్లో మట్టి మోసి, అదే మట్టిలో కలిసిపోయాడని అమ్మ చెప్పేది. ఆవిడ రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి పడుకుంటే తెల్లారేసరికి అవి ఎర్రగా కళ్ళు తెరిచి ఉండేవి. ఆ నిప్పు ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆరలేదని ఆవిడ గొప్ప. నిప్పు ఊరికే పుచ్చుకోకూడదు, ఎవరు తీసుకున్నా ఒక పిడక ఆవిడ గుమ్మంలో పెట్టి రావాలి. శుక్రవారం మాత్రం ఇచ్చేది కాదు, లక్ష్మి పోతుందట. మా ఇంట్లో ఆ పని నాది. ఒక చేత్తో మట్టి మూకుడు, ఒక చేత్తో పిడక, కళ్ళ నిండా నిద్ర.

"ఒలే గుంటా, నిప్పుకొచ్చినావా, నిద్రకొచ్చినావా? బేగి లోనికి రాయే," అనేది. నన్ను పీట మీద కూచోబెట్టి, నిప్పుల్ని ఒక్కొక్కటే ఏరుతూ, మా ఇంట్లో రాత్రి ఏం కూర, నాన్నకు దగ్గు తగ్గిందా, తమ్ముడు ఇంకా పక్క తడుపుతున్నాడా అని అన్నీ అడిగేది. రెండు నిమిషాల పనికి అరగంట పట్టేది. నాకు విసుగు. బడికి ఆలస్యమవుతుందని కాలితో నేల తన్నుతూ కూర్చునేదాన్ని. నాలా పదిమంది తలుపు తట్టే ఆ పొద్దుటి వేళే ఆవిడకు మిగిలిన లోకం అని నాకు ఎలా తెలుస్తుంది?

నేను నాలుగో తరగతిలో ఉండగా బిసాహు కాకా పాక పక్కన పెద్ద గొయ్యి తవ్వి, ఇటుకలతో కట్టి, దాని మీద నుయ్యంత వెడల్పు ఇనుప డ్రమ్ము బోర్లించారు. గోబర్ గ్యాస్. లోపల పేడనీళ్ళు పులిసి గ్యాసు పుడితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే కిందికి దిగుతుంది. తిరునాళ్ళకు వచ్చినట్టు పిల్లలమంతా చేరి అది లేస్తుందా లేదా అని కళ్ళార్పకుండా చూసేవాళ్ళం. వరసల వెంట గొట్టాలు వేసి, ప్రతి గుమ్మం దగ్గరా ఒక కుళాయి బిగించారు. కొత్తగా ఎవరికైనా గ్యాసు వదలాలంటే తాళంచెవి బిసాహు కాకా దగ్గరే. మా పొయ్యి మొదటిసారి వెలిగిన రోజు అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, పాలు పొంగించి, నీలంగా మండే ఆ మంటను చూసి కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు పొగవల్ల కాదు. పొగ లేకపోవడం వల్ల వచ్చిన కన్నీళ్ళను నేను చూసింది అదే. ఆ మంట మంచిదే. ఇప్పటికీ నేను దాని మీద ఒక్క మాట పడనివ్వను.

గొట్టం నరసమ్మామ్మ గుమ్మం దాకా వచ్చింది. పొయ్యి కూడా తెచ్చి ఇచ్చారు. ఆవిడ దాన్ని గోనెలో చుట్టి మంచం కిందికి తోసేసింది. "దాయీ, లే లో నా, ధువా నహీ హోగా," అని బిసాహు కాకా చేతులు పట్టుకుని బతిమాలాడు, పొగ ఉండదు తీసుకో అమ్మా అని. ఆవిడ ససేమిరా అంది. అమ్మ కూడా వెళ్ళి చెప్పి చూసింది.

"గొట్టంలోంచి వచ్చీ నిప్పుకి మనిసితో పనేటే?" అంది నరసమ్మామ్మ. "అదీ వొచ్చేత్తే నా గుమ్మం ఎవులు తొక్కుతారు?"

అమ్మ నవ్వి, మేమంతా ఎక్కడికి పోతాం అత్తా అంది. ఎక్కడికీ పోలేదు, రావడం మానేశామంతే. పేడంతా గొయ్యికే పోతుంటే పిడకలు కొట్టేవాళ్ళు తగ్గారు, నిప్పు అక్కర్లేనివాళ్ళు పిడక తెచ్చి ఇచ్చే పనీ లేదు. నెల తిరిగేసరికి రెండు వరసల మీద పొద్దుటి ఆకాశం కడిగిన పలకలా ఉండేది, ఆవిడ ఇంటి మీద ఒక్కచోట తప్ప. బడికి పోతూ నేను కనబడితే గుమ్మంలోంచి, "సలి రానీయే గుంటా. మీ పేడపొయ్యి నీలుగుతాది. అప్పుడు మూకుడట్టుకుని నా కాడికే వత్తావు," అనేది. నేను వేళాకోళానికి నాలుక బయటపెట్టి పరుగెత్తేదాన్ని.

చలి వచ్చింది. ఆవిడ అన్నట్టే డ్రమ్ము బద్ధకంగా లేచేది, మంట వత్తిలా సన్నబడిపోయేది. కానీ పేడలో వేణ్ణీళ్ళు కలిపితే సరిపోతుందని ఎవరో చెప్పారు. ఆడవాళ్ళు వంతులు వేసుకుని వేణ్ణీళ్ళు పోశారు. నేను మూకుడు పట్టుకుని వెళ్ళలేదు.

పుష్య మాసంలో ఒక పొద్దున్న నీళ్ళ కుళాయి దగ్గర పక్క వరస సత్యవతత్త బిందె దించి, వేలు చూపించి గట్టిగా నవ్వింది. "సూసినారా, నరసమ్మత్త ఇంటి మీద పొగ నేదు. ముసిల్ది లొంగిపోనాది!" అందరూ చూశారు. నిజమే, పొగ లేదు. అంతకు ముందు ఏడాదైతే ఆ మాటకు నలుగురూ బిందెలు వదిలేసి పరుగెత్తేవారు. ఆ రోజు నలుగురూ నవ్వారు, చప్పట్లు కొట్టారు, వెక్కిరిద్దాం పదండన్నారు. అమ్మే ఆపింది.

"ఎవులూ ఏటీ అనకండర్రా. రోసం గల మనిసి. సిగ్గు పడతాది. రెండ్రోజులు ఒగ్గేయండి."

మా అమ్మ జీవితంలో ఇంత మంచి మనసుతో అన్న మాట ఇంకొకటి ఉండదు. దాన్ని తలచుకుని అమ్మ తను పోయేదాకా కుమిలింది.

మర్నాడు ఛేర్‌ఛేరా. పుష్య పున్నమినాడు పిల్లలు సంచులు పట్టుకుని, ఇంటింటి ముందూ ఛేర్‌ఛేరా అని అరుస్తూ కొత్త ధాన్యం అడుక్కునే పండగ. మాకు మా ఊరి పండగ ఎంతో అదీ అంతే. అందరూ దోసెడు వడ్లు పోస్తే నరసమ్మామ్మ ప్రతి ఏడాదీ చోడి పిండితో బెల్లం ఉండలు చేసి పెట్టేది. మేం నలుగురం ఆవిడ గుమ్మం ముందు నిలబడి గొంతులు చించుకున్నాం. తలుపు తెరుచుకోలేదు. అమ్మ చెప్పిన మాట నాకు గుర్తుంది. గుర్తుండే అన్నాను.

"మామ్మా! గేసు పొయ్యి మీద ఉండలు సేసినావేటి?"

నలుగురం విరగబడి నవ్వాం. లోపల ఏదో గీసుకున్నట్టు చప్పుడయిందని ఒకడన్నాడు. ఎలకలే అన్నాను నేను. ముసిల్దానికి గ్యాసుతో పాటు గీర కూడా వచ్చిందని చెప్పి పక్కింటికి నడిపించుకుపోయాను. ఆ గుంపుకు నాయకురాలిని నేనే.

మూడోనాడు పొద్దున్న అమ్మ పాలకు వెళ్ళి, మాటవరసకు, దాయీకి కూడా గ్యాసు ఇచ్చావట కదా, మంట బాగా వస్తోందా అని అడిగింది. బిసాహు కాకా పాలు పితకడం ఆపేశాడు. "నహీ దీదీ. దాయీ కా నల్ తో బంద్ హై. చాబీ మేరే పాస్ హై," అన్నాడు, ఆవిడ కుళాయి మూసే ఉందని, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తడుముకుంటూ. అమ్మ చేతిలో గిన్నె జారిపోయింది. ఇద్దరూ పరుగెత్తారు, వాళ్ళ వెనక నేను. తలుపు గడియ విరగ్గొట్టాల్సి వచ్చింది. నరసమ్మామ్మ కుంపటి పక్కన నేల మీద ఉంది. తుంటి విరిగింది, కదల్లేకపోయింది, పెదాలు తెల్లగా పగిలిపోయాయి. చెయ్యి తలుపు వైపు చాచి ఉంది. కుంపట్లో బూడిద చల్లగా ఉంది. ప్రాణం మాత్రం ఉంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మ ఆవిడను మా ఇంట్లోనే మంచం వేసి పెట్టుకుంది. గంజి తాగించే పని నాకు అప్పగించింది. మొదటి కొన్నాళ్ళు ఆవిడ నా మొహం చూడలేదు, నేను ఆవిడ మొహం చూడలేదు. ఒక మధ్యాహ్నం రెండు గుక్కలు తాగి చెంచా పక్కకు నెట్టింది.

"నలుగురొచ్చినారు కదే. నీ గొంతు పోల్చుకున్నాను," అంది. "కేకేసినాను. నోరు పెగల్నేదు. గోడ గీకినాను."

నేను ఏడవడం మొదలుపెట్టాను. "పోన్లే, గుంటవి. నీకేటి తెలుసు," అని నా తల నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేది. కొడితే ఇంకా బాగుండేది. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నా తల మీద ఉంది. ఎండలు ముదరకముందే ఆవిడ వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగలేదు. బిసాహు కాకా గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పి వచ్చాడు, పొగను చూసి తెలుసుకునే దారి అప్పటికే మూసుకుపోయింది కాబట్టి.

తర్వాత మాకు క్వార్టరు వచ్చింది, సిలిండర్లు వచ్చాయి, కాకా పశువుల్ని అమ్మేశాడు. డ్రమ్ము తుప్పు పట్టి ఒక పక్కకు ఒరిగి చాలా ఏళ్ళు అలాగే ఉండి, ఒకనాడు పవర్ హౌస్ పేటలోని పాత ఇనుము కొట్టుకు చేరింది. పెంకుటిళ్ళు ఉన్నచోట ఇప్పుడు రోడ్డు ఉంది. నేను ఈ ఊళ్ళోనే పంతులమ్మగా పనిచేసి, ఈ ఊళ్ళోనే రిటైరయ్యాను. మా మేడ మీద నిండా సోలార్ పలకలున్నాయి. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న జాముల్ వైపునుంచి గాలి వీస్తే వాటి మీద సిమెంటు దుమ్ము పేరుకుంటుంది. వాటిని కడిగించే బాధ్యత నాది కాబట్టి, ఏ ఫ్లాటు ఎంత కరెంటు వాడుతోందో చూపించే గీతలు నా ఫోనులో కనబడతాయి. పొద్దున్నే మిగతావాళ్ళు దేవుడి పటాలు పంపుకుంటుంటే నేను ఆ గీతలు చూస్తాను. గీజరు వేస్తే ఒక ఎత్తు, మిక్సీ వేస్తే ఒక పొడుపు. లేవని గీత ఏదైనా ఉంటే నా కాళ్ళు నిలవవు. వెళ్ళి తలుపు తడతాను. పెళ్ళికి పోయిన వాళ్ళ తాళాన్ని కూడా తట్టాను. మేడమ్ జీకి చాదస్తం అని పిల్లలు నా వెనక నవ్వుకోవడం నాకు వినబడుతూనే ఉంటుంది.

మొన్న చలికాలంలో రెండో అంతస్తులో ఒక్కరే ఉండే సామ్యూల్ గారి గీత పది గంటలైనా లేవలేదు. రైల్వేలో గార్డుగా చేసిన మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. మెట్లెక్కి బెల్లు నొక్కాను, మోగలేదు. అరచేత్తో బాదాను, పేరు పెట్టి పిలిచాను, తలుపుకు చెవి ఆనించాను. లోపల ఏదో గీసుకున్న చప్పుడు. కాపలా అతన్ని గునపం తెమ్మని అరిచాను. అప్పుడు తలుపు తెరుచుకుంది. ఒక చెంప నిండా సబ్బు నురగతో, చేతిలో రేజరుతో ఆయన నిలబడి ఉన్నారు. ఫ్యాను బాగుచేద్దామని మెయిన్ కట్టేశారట. గునపం పట్టుకుని మెట్లెక్కి వస్తున్న కాపలా అతన్నీ, రొప్పుతున్న నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఏటమ్మా ఇది, కరెంటు వాడకపోయినా తప్పేనా?" అన్నారు చిరాగ్గా.

"లేదండీ. పిలిస్తే పలికారు, చాలు," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపి తలుపు వేసుకున్నారు. కాపలా అతను గునపం భుజాన వేసుకుని గొణుక్కుంటూ దిగిపోయాడు. నేను మాత్రం ఆ మూసిన తలుపు ముందే చాలాసేపు నిలబడ్డాను. లోపల ఆయన నడుస్తున్నారు, కుళాయి తిప్పారు, ఏదో పాట కూనిరాగం తీశారు. అన్నీ విన్నాను.